పదిహేడో రిజిస్టర్

నాంపల్లి స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక ట్రస్టు వాళ్ల పాత ప్రసూతి ఆస్పత్రి ఉంది. నేను అందులోకి అడుగుపెట్టేనాటికే అక్కడ కాన్పులు ఆగిపోయి చాలా ఏళ్లయింది. కింది గదుల్లో వారానికి మూడు రోజులు ఒక డాక్టరమ్మ బీపీ, షుగరు చూసేది. మేడ మీద గదిలో మాత్రం పాత కాన్పుల రిజిస్టర్లు ఉండేవి. ఎర్రబట్ట అట్టలు, ఒక్కొక్కటీ రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు, మొత్తం ముప్పై ఒకటి. ఏ రోజు, ఏ మొహల్లా నుంచి వచ్చిన ఏ తల్లికి, ఆడపిల్లా మగపిల్లవాడా, బరువెంత, అన్నీ ఆనాటి నర్సులు గొలుసుకట్టు ఉర్దూలో రాసిపెట్టారు. వయసు రుజువు కోసమో, పేరు సరిచేయించుకోవడం కోసమో నెలకు నలుగురైదుగురు వచ్చి అడిగేవాళ్లు. ఆ రాత చదవగలిగిన మనిషి ఒక్కరే మిగిలారు.

ఆయన రిటైరైన లెక్కల మాస్టరు. పాత హైదరాబాదీ కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. అందరూ మాస్టర్ సాబ్ అనేవాళ్లు. డెబ్బై ఎనిమిదేళ్లు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదాన్ని వాయిదా వేస్తూ వచ్చారు. రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని ట్రస్టు సెక్రెటరీకి ఆలోచన వచ్చినప్పుడు, చదివి టైపు చేసే పని తానే చేస్తానన్నారు. జీతం వద్దు, చాయ్ చాలు అన్నారు. ఆ వయసులో రెండు వేళ్లతో టైపింగ్ నేర్చుకున్నారు.

కంప్యూటర్ పని నాకు వచ్చింది. నాది నల్లగొండ వైపు. నాయన రెండెకరాల రైతు. డిగ్రీ అయ్యాక అబిడ్స్‌లో ఆర్నెల్లు హార్డ్‌వేర్ కోర్సు చేశాను, ఆ తర్వాత అక్కడే పెద్ద పోస్టాఫీసు వెనక గల్లీలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. బట్టల దుకాణాలకు, కళ్లద్దాల దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రాములు పెట్టి ఇచ్చేవాణ్ణి. డేటాబేసుల గురించి నాకు తెలిసిందంతా వీడియోలు చూసి నేర్చుకున్నదే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకు అన్నీ తెలిసినట్టే జవాబిచ్చేవాణ్ణి.

డేటాబేస్‌ను క్లౌడ్‌లో పెడదామన్నది నా సలహానే. అంటే రికార్డులన్నీ ఆస్పత్రి కంప్యూటర్లో కాకుండా, ఇంటర్నెట్ మీద ఎక్కడో ఉన్న ఒక కంపెనీ సర్వర్లో ఉంటాయి. మాస్టర్ సాబ్ నాంపల్లిలో కూర్చుని ఎక్కిస్తారు, సెక్రెటరీ అఫ్జల్‌గంజ్‌లో తన తాళ్ల దుకాణం నుంచే చూసుకుంటాడు, ఏదైనా తేడా వస్తే నేను అబిడ్స్‌లో నా గదిలోని డెస్క్‌టాప్ నుంచి కనెక్టయి సరిచేస్తాను. సెక్రెటరీకి ఈ మాట బాగా నచ్చింది. బిల్డింగ్‌లో చెమ్మ ఎక్కువ, చెదలు ఎక్కువ. కొన్ని రిజిస్టర్లు అప్పటికే ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. టైపు అయిపోయాక బాగా పాడైనవి తీసేయవచ్చా అని ఆయన నన్ను అడిగాడు. కాగితమైనా పోతది గానీ ఇది పోదు సార్, పక్కా, అన్నాను. పక్కనే ఉన్న మాస్టర్ సాబ్ భూతద్దం కింద పెట్టి, “పక్కానా బేటా?” అని మళ్లీ అడిగారు. పక్కా అన్నాను.

పని మొదలైంది. ఆయన ఉదయం పదింటికి వచ్చి, టేబుల్ లైటు వేసుకుని, రిజిస్టరు మీదకు వంగి కూర్చునేవారు. రోజుకు మూడు పేజీలు, మంచి రోజైతే నాలుగు. అర్థం కాని పేరు వస్తే దాన్ని ఒక చీటీ మీద అచ్చం అలాగే రాసుకుని ఇంటికి తీసుకుపోయేవారు. మర్నాడు వచ్చి, అది ఫలానా పేరు అని ఖాయం చేసుకున్నాకే ఎక్కించేవారు. ఊహించి రాయడం ఆయనకు తెలియదు.

నాకు మాత్రం ఆ పని రానురాను తలనొప్పిగా మారింది. ఆ డేటాబేస్‌కు ఒక కాపలా ఉండేది. ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చినవాళ్లను లోపలికి రానివ్వాలో మనం దాని జాబితాలో రాయాలి. ప్రతి కనెక్షన్‌కూ ఒక ఐపీ నంబరు ఉంటుంది కదా, ఆ నంబర్లు రాయాలి. కానీ ఆస్పత్రిలో ఉన్నది మామూలు బ్రాడ్‌బ్యాండ్. కరెంటు పోయి వచ్చిందంటే నంబరు మారిపోతుంది. కొత్త నంబరును కాపలా గుర్తుపట్టదు, కనెక్షన్ రాదు. మాస్టర్ సాబ్ ఫోన్ చేస్తారు. నేను ఏ దుకాణంలో ఉన్నా వదిలేసి గదికి పరుగెత్తి, డెస్క్‌టాప్ ముందు కూర్చుని, కొత్త నంబరు కనుక్కుని జాబితాలో చేర్చాలి.

మొదటి సంవత్సరం అలాగే చేశాను, తర్వాత ఓపిక తగ్గింది. ముందు పాస్‌వర్డ్ మార్చాను. నేను పెట్టిన పొడుగాటి పాస్‌వర్డ్ కొట్టడం మాస్టర్ సాబ్‌కు కష్టంగా ఉండేది, ఒక్కో అక్షరం చూసుకుంటూ మూడుసార్లు తప్పు కొట్టేవారు. సులువైనది పెట్టాను, ఎవరైనా నాలుగు ప్రయత్నాల్లో కనుక్కోగలిగేంత సులువైనది. ఆ తర్వాత ఐదారు నెలలకు, ఎండాకాలంలో, ఒకే రోజు నాలుగుసార్లు కరెంటు పోయింది. నాలుగుసార్లూ ఫోన్ వచ్చింది. నాలుగోసారి నేను ఒక బట్టల దుకాణంలో కౌంటరు కింద దూరి వైర్లు కలుపుతున్నాను, యజమాని అందరి ముందూ విసుక్కున్నాడు. గదికి వచ్చి, కోపంతో, ఆ జాబితాలో అన్నీ సున్నాలు కొట్టాను. అలా కొడితే ఎక్కడి నుంచి ఎవరు వచ్చినా కాపలా ఆపదు. ఒక్క పూటకే అనుకున్నాను.

మరిచిపోయాను అని చెప్పుకుంటే బాగుండేది. మరిచిపోలేదు. మర్నాడు గుర్తొచ్చింది, వారం తర్వాతా గుర్తొచ్చింది. కానీ ఫోన్లు ఆగిపోయాయి. మాస్టర్ సాబ్ ఒకరోజు, ఇప్పుడు చాలా మంచిగ నడుస్తుంది బేటా, నువ్వు ఏం చేసినవో గానీ, అని మెచ్చుకున్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

దసరా దాటిన తర్వాత ఒక సోమవారం ఉదయం, వేరే పని మీద డెస్క్‌టాప్ ఆన్ చేసి ఆ డేటాబేస్‌కు కనెక్టయ్యాను. కనెక్షన్ వచ్చింది. లోపల ఏమీ లేదు. మాస్టర్ సాబ్ నింపిన టేబుళ్లు ఒక్కటీ లేవు. వాటి స్థానంలో ఒకే ఒక కొత్త టేబుల్, అందులో ఒకే ఒక వరుస. మీ డేటా మా దగ్గర ఉంది, ఫలానా చోటికి డబ్బు పంపితే తిరిగి ఇస్తాం అని ఇంగ్లీషులో రాసి ఉంది. అలాంటివి డబ్బు పంపినా తిరిగి రావని వీడియోల్లో చూసి ఉన్నాను. అయినా ఒక ధైర్యం ఉంది. రోజూ నా డెస్క్‌టాప్‌లోకి దానంతటదే ఒక కాపీ దిగేలా పెట్టాను. ఆ ఫోల్డర్ తెరిచాను. ఫైళ్లు వరుసగా ఉన్నాయి, ఒక్క రోజూ తప్పలేదు. కానీ పదకొండు నెలలుగా దిగిన ప్రతి ఫైలూ ఖాళీ. నేను పాస్‌వర్డ్ మార్చిన రోజున, కాపీ దింపే ప్రోగ్రాములో కొత్త పాస్‌వర్డ్ రాయలేదు. పదకొండు నెలలుగా ఒక్కసారి కూడా ఏ ఫైలూ తెరిచి చూడలేదు.

పాస్‌వర్డ్ మార్చకముందు దిగిన ఫైళ్లలో పన్నెండో రిజిస్టర్ వరకు మిగిలింది. మాస్టర్ సాబ్ అప్పటికి ఇరవై ఆరోది ముగించారు.

పదిన్నరకు ఆయన ఫోన్ చేశారు. తెర మీద ఏదో ఇంగ్లీషులో వస్తుంది బేటా, నేనేమన్న తప్పు నొక్కిన్నా, అని అడిగారు. ఆయన గొంతులో భయం ఉంది. ఆయన తప్పేమీ లేదని చెప్పాను. అక్కడితో ఆగితే సగం మనిషిగానైనా మిగిలేవాణ్ణి. సర్వర్ కంపెనీవాళ్లు రిపేరు చేస్తున్నారు, ఒక వారం పడుతుంది అన్నాను. సరే, అప్పటిదాకా ఇరవై ఏడోది చదివి కాగితం మీద రాసుకుంటా, అన్నారు.

రెండు రోజులు ఆ డెస్క్‌టాప్ ముందు నుంచి లేవలేదు. తెలిసినవాళ్లను అడిగాను, తెలియనివాళ్లకు మెయిల్ రాశాను. సర్వర్ కంపెనీ వాళ్ల జవాబు మర్యాదగానే వచ్చింది. బ్యాకప్ సౌకర్యం మీరు తీసుకోలేదు, మేం చేయగలిగింది లేదు అని. అది తీసుకోనిది కూడా నేనే.

బుధవారం మధ్యాహ్నం సెక్రెటరీ ఫోన్ చేశాడు. మేడ మీద గదికి సున్నం వేయిస్తున్నామనీ, బాగా చివికిపోయిన నాలుగు రిజిస్టర్లు తీసేద్దామనుకుంటున్నామనీ చెప్పాడు. పద్నాలుగు, పదిహేను, పదిహేడు, ఇరవై. ఆ నెంబర్లు చదివి, “గివన్ని కంప్యూటర్ల ఉన్నయి గదా?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు, నా జవాబుకు మధ్య ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ లెక్క వేసుకుంటుంటాను. రెండు క్షణాలు ఉంటుందేమో. లేవు సార్ అంటే, ఎందుకు లేవు అంటాడు. అప్పుడు సున్నాల సంగతి చెప్పాలి, ఖాళీ ఫైళ్ల సంగతి చెప్పాలి. కొన్నాళ్లు ఆపండి సార్ అన్నా సరిపోయేది. ఆ మాటకు కూడా కారణం అడుగుతాడని భయపడ్డాను. రెండు మూడు రోజుల్లో ఏదో ఒకటి చేసి వెనక్కి తెస్తానని నాకు నేనే చెప్పుకున్నాను.

“ఉన్నయి సార్,” అన్నాను.

శుక్రవారం నాంపల్లి వెళ్లాను. డేటా ఇక రాదని అప్పటికి తేలిపోయింది. దారిలో చెప్పాల్సిన మాటలు తయారు చేసుకున్నాను. అందులో కూడా నిజం లేదు. సర్వర్ కంపెనీ దగ్గర ఏదో పెద్ద తప్పు జరిగి పదమూడు నుంచి ఇరవై ఆరు దాకా పోయాయని చెప్పాను. మాస్టర్ సాబ్ చేతిలోని పెన్సిల్‌ను టేబుల్ అంచుకు సమానంగా పెట్టారు. తర్వాత, పోతే పోయినయి, అసలు రిజిస్టర్లు ఉన్నయి గదా, మళ్లీ కూసుంటా, అన్నారు. సంవత్సరం పని గురించి ఆయన అన్నది అంతే. లేచి అల్మారా తెరిచారు.

పదమూడోది తీశారు. దాని పక్కన పదహారోది ఉంది. వేలితో వరుసగా అట్టలు తడుముకుంటూ వెళ్లారు. మళ్లీ మొదటికి వచ్చారు. కళ్లు సరిగా కనబడటం లేదనుకున్నారేమో, అద్దాలు తుడుచుకుని మూడోసారి చూశారు. అప్పుడే గది ఊడ్వడానికి వచ్చిన ఆయమ్మను అడిగారు. ఆస్పత్రి తలుపులు తీయడం దగ్గర్నుంచి అన్ని పనులూ ఆమెవే.

“నిన్న పొద్దుగాల పాత కాయితాలు కొనే రద్దీ ఆయనొచ్చి తీస్కపోయిండు సార్,” అందామె. “సెక్రెటరీ సాబ్ గీ కంప్యూటర్ సార్‌కు ఫోన్ చేసి అడిగినంకనే పంపిచ్చిండంట.”

మాస్టర్ సాబ్ నా వైపు తిరిగారు. ఆయమ్మ కూడా చీపురు పట్టుకుని నిలబడింది.

“సెక్రెటరీ సాబ్ ఫోన్ చేసిన నాడు, పోయినయని నీకు ఎరికేనా?” అని అడిగారు.

“లేదు సార్. అప్పటికి తెల్వదు.”

ఆయన తలూపారు. నమ్మారు. పిల్లలకు నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి, పిల్లల అబద్ధాలు ఎన్ని విని ఉంటారో. అయినా నా మాట నమ్మారు. ఆ నమ్మడాన్ని నేను ఎదురుగా నిలబడి చూశాను.

మర్నాడు ఆయమ్మ చెప్పిన ఆనవాళ్లతో రద్దీ అతన్ని వెతుక్కుంటూ పోయాను. అఫ్జల్‌గంజ్ వెనక ఒక గోదాములో దొరికాడు. పాత పుస్తకాలు ఏ రోజువి ఆ రోజే మూటలు కట్టి మిల్లుకు పంపేస్తామన్నాడు. ఎర్రబట్ట అట్టలవి అంటే గుర్తుపట్టాడు. అట్టలు బాగానే ఉన్నాయి గానీ లోపల కాగితమంతా పొడి, దేనికీ పనికిరాదు అన్నాడు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల బజారంతా తిరిగాను, అట్టల కోసమైనా ఎవరైనా కొని తెచ్చి పెట్టారేమోనని. ఒకచోట పాత నవలల కింద ఎర్రబట్ట అంచు కనిపించింది. పైన ఉన్నవన్నీ గబగబా పక్కకు తీశాను. ఏదో కట్టెల డిపో చిట్టా. అమ్మేవాడు నన్ను చూసి, అది కావాల్నా సార్, తక్కువకే ఇస్తా, అన్నాడు. వద్దని లేచాను. ఆ తర్వాత కూడా చాలా ఆదివారాలు వెళ్లాను. దొరకవని తెలిసీ వెళ్లాను.

మంగళవారం ఆమె వచ్చింది.

నేను ఆ రోజు ఆస్పత్రి కంప్యూటర్లో పదమూడో రిజిస్టర్ కోసం మళ్లీ అంతా సర్దుతున్నాను. మాస్టర్ సాబ్ పక్క టేబుల్ దగ్గర ఉన్నారు. అరవై దాటిన మనిషి, ఒక హాస్టల్లో వంట చేస్తుందట. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ నిలబడింది. చేతిలో అరడజను అరటిపళ్ల సంచి ఉంది. ఆమె సంగతి మాస్టర్ సాబ్ దసరాకు ముందే నాకు చెప్పి ఉన్నారు. ఆమె కార్డులో వయసు ఏడేళ్లు తక్కువ పడింది, ఎవరో అందాజుగా రాసేశారు. దానివల్ల పింఛన్ దరఖాస్తు రెండుసార్లు వాపసు వచ్చింది. తాను ఈ ఆస్పత్రిలోనే పుట్టానని వాళ్లమ్మ చెప్పేదని వచ్చి అడిగితే, మాస్టర్ సాబ్ నాలుగు రోజులు వెతికి పట్టుకున్నారు. పదిహేడో రిజిస్టర్. దొరికిందమ్మా, పండగ అయినంక రా, సెక్రెటరీ సాబ్‌తోని సంతకం చేయించి నకలు ఇప్పిస్తా, అని మాటిచ్చారు.

ఇప్పుడామె పళ్ల సంచి టేబుల్ మీద పెట్టి, కాగితం కోసం నిలబడింది. మాస్టర్ సాబ్ ఆమెను కూర్చోమన్నారు. ఆ రిజిస్టరు పోయిందని, కంప్యూటర్లోంచి కూడా పోయిందని, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పారు. ఆమెకు అర్థం కాలేదు. పోయిన నెలలోనే ఉన్నది ఇప్పుడెట్లా పోతుందని అడిగింది. నువ్వు కండ్లార చూసినవు గదా సార్, నువ్వే రాసియ్యరాదు, అంది. చూసింది నిజమే గానీ, చూపించలేని దానికి సంతకం పెట్టించలేనమ్మా అన్నారు ఆయన. పోనీ, మా అమ్మ పేరు ఏమని రాసి ఉండె, అదన్న చెప్పు, అని అడిగింది. మాస్టర్ సాబ్ కళ్లు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. ఒక పేరు చెప్పబోయి ఆగిపోయారు. సరిగ్గా యాదికి వస్తలేదమ్మా, తప్పు చెప్పొద్దు, అన్నారు.

ఆమె కాసేపు ఆయన ముఖంలోకే చూసింది. తర్వాత తలుపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఏమన్న ఇయ్యాల్నా సార్?”

మాస్టర్ సాబ్ ముఖం ఎలా అయిందో రాయడం నా వల్ల కాదు. చాయ్ తప్ప ఎవరి దగ్గరా ఏమీ తీసుకోని మనిషి. చెవుల దాకా ఎర్రబడ్డారు. లేదమ్మా, గట్ల కాదు, గట్ల కాదు, అని మాత్రం అంటున్నారు. ఆమె నమ్మలేదు. ఎన్ని ఆఫీసులు తిరిగిన మనిషో, ఆ కళ్లలోనే తెలుస్తోంది. ఇది కూడా అలాంటి ఇంకో ఆఫీసే అని ఆమెకు ఖాయమైపోయింది. నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని, తెర మీద అవసరం లేని ఫైలొకటి తెరిచి, చదువుతున్నట్టు చూస్తున్నాను. ఒక్క వాక్యం చెబితే ఆయన మీద పడిన ఆ మచ్చ పోతుంది. నేను మౌస్ చక్రం తిప్పుతూ కూర్చున్నాను. ఆమె పళ్ల సంచి అక్కడే వదిలేసి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత ఆయన ముందున్న రిజిస్టరు మూసి పక్కకు జరిపారు. నేను కుర్చీలోంచి లేచి ఆయన టేబుల్ దగ్గర నిలబడ్డాను. అప్పుడు చెప్పాను. సున్నాలు, సులువైన పాస్‌వర్డ్, ఖాళీ ఫైళ్లు, సోమవారమే తెలిసిన సంగతి, బుధవారం ఫోన్, శుక్రవారం ఆయనకు చెప్పిన అబద్ధం. అన్నీ ఒకదాని వెనక ఒకటి చెప్పేశాను. అయిపోయాక, ఆయన తిడితే బాగుండునని నిలబడ్డాను.

“గిదంత నాకెందుకు చెప్తున్నవ్?” అన్నారు. “పోయి ఆమెకు చెప్పు.”

ఆయమ్మకు ఆ హాస్టల్ తెలుసు. మర్నాడు వెళ్లాను. వంటింటి వెనక, కడిగిన గిన్నెలు బోర్లించే చోట ఆమెను కలిశాను. ఎలా చెప్పాలో తెలియక సర్వర్, కనెక్షన్ అంటూ మొదలుపెట్టాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ విన్నది. అర్థం కావడం లేదని తెలిసి ఆగాను. మీ రికార్డు పోగొట్టింది నేను, రిజిస్టరును రద్దీకి పోనిచ్చింది నేను, ఆ సార్‌కు ఏమీ తెలియదు, ఆయన ఎవరి దగ్గరా పైసా అడగలేదు, అన్నాను.

“మరి నిన్న గాడ్నే కూసున్నవ్ గదా,” అంది. “అప్పుడెందుకు చెప్పలే?”

భయమైంది అన్నాను. నిజమే గానీ, ఆ వంటింటి వెనక, ఆమె ముందు, ఆ మాట చాలా చిన్నగా వినిపించింది. ఆమె గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టింది. కాసేపటికి, పింఛన్ ఆఫీసుకు నాతోని వచ్చి గిదే మాట చెప్తవా, అని అడిగింది. వస్తానన్నాను.

మూడుసార్లు వెళ్లాం. మొదటిసారి అక్కడి గుమాస్తా నేను చెప్పింది సగం విని, పోయిన కాగితానికి సాక్ష్యం తెచ్చినవా అని నవ్వాడు. ఆ నవ్వు నాకు తగినదే. రెండోసారి, కాగితం లేకపోతే దవాఖానలో వయసు పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. ఎముకలు చూసి, పళ్లు చూసి వయసు అంచనా వేస్తారు. ఆ పరీక్ష రోజు ఆమెతో పాటు లైన్లో నిలబడ్డాను. తన పేరు, ఊరు, పుట్టిన చోటు అడుగుతుంటే, నాంపల్లిలనే పుట్టిన సార్, రాసి ఉండె, అని ఆమె ప్రతిసారీ చెప్పింది. డాక్టర్లు ఐదేళ్లు కలిపారు. ఏడు కాదు, ఐదు. పింఛన్‌కు తక్కువ పడిన ఆ రెండేళ్లు ఆమె ఇంకా వంట చేయాల్సిందే. నన్ను ఆమె తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. మూడోసారి ఆఫీసు నుంచి బయటికి వచ్చాక, ఇగ నువ్వు పో బిడ్డా, నీకూ పనులుంటయ్, అంది.

సెక్రెటరీకి ఆ వారమే చెప్పాను. తాళ్ల కట్టల మధ్య కూర్చుని విన్నాడు. విన్నాక పాస్‌వర్డులన్నీ ఒక కాగితం మీద రాసిమ్మన్నాడు. ట్రస్టు సభ్యుల మీటింగు పెట్టి నన్ను పిలిచారు. ఆరుగురు పెద్దవాళ్ల ముందు నిలబడి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఒకాయన పోలీసు కంప్లెయింట్ అన్నాడు, ఇంకొకాయన వద్దన్నాడు. మాస్టర్ సాబ్ మూలన కూర్చుని నేల చూస్తున్నారు. నా తరఫునా మాట్లాడలేదు, నాకు వ్యతిరేకంగానూ మాట్లాడలేదు. పని వేరేవాళ్లకు ఇచ్చారు. ఆ కొత్తవాళ్లు సర్వర్ తలుపులు సరిగ్గా మూశారు, ప్రతి వారం కాపీ తెరిచి చూస్తారని విన్నాను.

నేనొకసారి మాస్టర్ సాబ్ ఇంటికి వెళ్లాను. మిగిలిన రిజిస్టర్లు ఆయన చదువుతుంటే పక్కన కూర్చుని టైపు చేస్తాననీ, ఆ కళ్లకు కాస్త శ్రమ తగ్గుతుందనీ అడిగాను. డబ్బులేమీ వద్దన్నాను. ఆయన భార్య మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లేదాకా ఆగారు.

“కోపం కాదు బేటా,” అన్నారు. “నువ్వు పక్కన కూసుంటే, ప్రతి లైను రెండుసార్లు చూసుకోబుద్ధయితది. నాకు గంత టైము లేదు.”

కోపమే అయితే తట్టుకునేవాణ్ణి. నేను నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

నా పని ఇప్పటికీ అదే. అబిడ్స్ గదిలో అదే డెస్క్‌టాప్, ఎవరివో దుకాణాల డేటాబేసులకు దూరం నుంచి కనెక్టవుతూనే ఉంటాను. తెలియనిది తెలియదని చెప్పడం నేర్చుకున్నాను. దానివల్ల ఇద్దరు ముగ్గురు పని మానిపించారు కూడా. కాపీలను ప్రతి శనివారం తెరిచి చూస్తాను. ఇవన్నీ మంచి అలవాట్లే. ఆ నాలుగు రిజిస్టర్లలో పేర్లున్న తల్లుల పిల్లలు ఎంతమందో, వాళ్లలో ఎవరు ఎప్పుడు ఆ మెట్లెక్కి వచ్చి లేదనిపించుకుని దిగిపోతారో నాకు తెలియదు. తెలిసే మార్గమూ లేదు.

మొన్న జనవరిలో నా భార్యను, కూతుర్ని నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లాను. టికెట్ల లైన్లో మాస్టర్ సాబ్ కనిపించారు, మనవరాలి చెయ్యి పట్టుకుని ఉన్నారు. రెండో కంటికి కూడా ఆపరేషన్ అయినట్టుంది, నల్లద్దాలు పెట్టుకున్నారు. నేను చూసీ చూడనట్టు తల తిప్పుకోబోయాను. ఆయనే పిలిచారు. బాగున్నవా బేటా అన్నారు, నా కూతురి తల నిమిరారు. పని ఎంతవరకు వచ్చిందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయనే, పందొమ్మిదోది అయిపోవచ్చింది, ఇగ ఇరవై ఒకటోదే, అన్నారు. లైను కదలడంతో ముందుకు వెళ్లిపోయారు.

ఆయన ఎవరని నా కూతురు అడిగింది. నేను పనిచేసిన చోట పెద్దసారు అన్నాను. మరి అక్కడ ఇప్పుడెందుకు చేస్తలేవు అని అడిగింది. నా భార్యకు అంతా తెలుసు. ఆమె నా వైపు చూసి, నేనేం చెబుతానో అన్నట్టు ఆగింది. అక్కడ పని అయిపోయింది బిడ్డా, అన్నాను. నా భార్య ముఖం పక్కకు తిప్పుకుంది. మేం టికెట్లు తీసుకుని లోపలికి వెళ్లాం.